మా పల్లం లెవెల్ నాలుగడుగుల రెండంగుళాలు

నాన్న పేర కొల్లేటి లంకలో ఎకరా ఇరవై సెంట్ల జిరాయితీ ఉంది. సగం మెరక, సగం పల్లం. మెరక మీద తాతయ్య కట్టిన పెంకుటిల్లు. పల్లంలో ఒకప్పుడు దాళ్వా వరి, ఇప్పుడు ఎక్కువ రోజులు నీళ్లు, ఎండాకాలంలో గేదెలు మేసే గడ్డి. ఆ అరవై సెంట్ల పల్లం గురించి మా అన్నయ్యకీ నాకూ ఏడాదిన్నర పాటు మాటలు సరిగ్గా లేవు.

2022 మే నెలలో అన్నయ్య భీమవరం నుంచి వచ్చి దొడ్లో నిలబడి చేత్తో చూపించాడు.

"ఇక్కణ్నుంచి ఆ తుమ్మచెట్టు దాకా మట్టి తోలిద్దాం. రోడ్డెత్తుకి తెచ్చేస్తే ఆరు గదులు లేస్తాయి. చలికాలంలో ఆటపాక పక్షుల్ని చూడ్డానికి ఎన్ని కార్లొస్తున్నాయో చూశావుగా. చీకటి పడితే అందరూ ఏలూరో భీమవరమో పోతున్నారు. మన దగ్గర గది ఉంటే ఉండిపోతారు."

అతను చెప్పిన దాంట్లో అబద్ధం లేదు. కార్లు వస్తున్నాయి. ఆటపాక చెరువులో అటవీశాఖ పెట్టిన ఇనుప స్టాండ్ల మీద గూడబాతులు (పెలికాన్లు) గూళ్లు కట్టుకుంటాయి, ఎర్రకాళ్ల కొంగలు వాటి పక్కనే. పడవెక్కి చూడటానికి హైదరాబాద్ నుంచి కూడా వస్తారు. నాన్నకి డెబ్బై దాటాయి. వర్షాకాలంలో ఇంట్లో నేల ఊరుతోంది, దూలాలకి చెద పట్టింది. కొత్త ఇల్లు కావాలి. అన్నయ్య డబ్బు పెడతానంటున్నాడు. నేను ఏలూరులో ఒక కాంట్రాక్టరు దగ్గర సైట్ ఇంజనీరుని, పని నేను చూసుకోగలను. మొదటి పది నిమిషాలు నాకు కూడా ఆశ పుట్టింది.

తర్వాత అడిగాను. "అన్నయ్యా, ఈ పల్లం ఐదో కాంటూరు లోపల ఉందా, బయట ఉందా?"

"మట్టి పోస్తే బయటికొచ్చేస్తుందిగా" అన్నాడు.

ఆ ఒక్క మాట మీదే ఏడాదిన్నర నడిచింది. మా ప్రాంతంలో ఈ మాట అన్నయ్య ఒక్కడే అనడు. లంకల్లో స్థలం ఉన్న సగం మంది అలాగే అనుకుంటున్నారు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

కాంటూరు అంటే ఏమిటో బయటి ఊళ్లవాళ్ల కోసం చెబుతాను. సముద్ర మట్టానికి ఐదడుగుల ఎత్తులో కొల్లేటి చుట్టూ ఒక గీత గీశామనుకోండి, ఆ గీత లోపలున్నదంతా +5 కాంటూరు. 1999 అక్టోబరు 4న వచ్చిన జీవో 120 ప్రకారం ఆ లోపలున్న 308.55 చదరపు కిలోమీటర్లూ వన్యప్రాణి అభయారణ్యం. 'అరణ్యం' అనే మాట విని చెట్ల కోసం చూడొద్దు. కిక్కిస, తూటికాడ, గుర్రపుడెక్క, నీళ్లు, మధ్యలో మా ఊళ్లు. సరస్సు లోపల 46 బెడ్ గ్రామాలు, ఒడ్డున 76 బెల్ట్ గ్రామాలు అని లెక్క చెబుతారు. మాది బెడ్ గ్రామం. మా ఇల్లు, మా గుడి, మా బడి అన్నిటి చుట్టూ అభయారణ్యమే.

లోపలున్న జిరాయితీ పట్టా భూమి మనది కాకుండా పోదు. చాలామందికి ఇక్కడే అయోమయం. పట్టా ఉంది కాబట్టి ఏమైనా కట్టుకోవచ్చని కొందరు, అభయారణ్యం కాబట్టి మన భూమి పోయినట్టేనని కొందరు. రెండూ తప్పే. భూమి మనదే, తాతల నాటి పద్ధతిలో సాగు చేసుకోవచ్చు, వలలు, మావులు పెట్టి చేపలు పట్టుకోవచ్చు. కానీ నీళ్లు వచ్చే దారిని, నిలిచే చోటును మార్చకూడదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో 29వ సెక్షన్ చెప్పేది అదే. జీవాల ఆవాసాన్ని పాడుచేసే పని, అభయారణ్యంలోకి వచ్చే నీటినీ బయటికి పోయే నీటినీ మళ్లించే పని, ఆపే పని చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతి లేకుండా చేయకూడదు.

జూన్‌లో ఒక ఆదివారం మా సైట్ నుంచి ఆటో లెవెల్ (నేల ఎత్తులు కొలిచే పరికరం), దాంతో చూసే కొలత కర్ర, అదే స్టాఫ్, అడిగి తెచ్చుకున్నాను. నాతో పనిచేసే కుర్రాడొకడు స్టాఫ్ పట్టుకోవడానికి వచ్చాడు. కాలువ లాకు దగ్గర రాయి మీద చెక్కిన బెంచ్ మార్కు ఉంది, అది సముద్ర మట్టానికి ఎంత ఎత్తులో ఉందో ఆ అంకె నా దగ్గరుంది. అక్కణ్నుంచి రెండు కిలోమీటర్లకి పైగా గట్టు వెంట రీడింగులు తీసుకుంటూ వచ్చి, మళ్లీ కొలుచుకుంటూ ఆ రాయి దగ్గరికే వెళ్లి సరిచూసుకున్నాం. పొద్దున్న ఆరింటికి మొదలుపెడితే పన్నెండయింది. ఎండలో రీడింగు ఊగిపోతుంది కాబట్టి తొమ్మిది తర్వాత ఒక్కో రీడింగుకి దూరం తగ్గించుకున్నాం. తేడా పదకొండు మిల్లీమీటర్లు వచ్చింది. మా పనికి అది చాలు.

ఇంటి మెరక 2.05 మీటర్లు. అంటే ఆరడుగుల ఎనిమిదంగుళాల పైచిలుకు. తాతయ్యకి లెవెల్ లేదు, కాంటూరు తెలీదు, కానీ ఇల్లు కట్టడానికి సరైన దిబ్బే ఎంచుకున్నాడు. పల్లం మధ్యలో 1.27 మీటర్లు. నాలుగడుగుల రెండంగుళాలు. ఐదడుగుల గీత మా దొడ్లో ఎక్కడ పోతుందో మేకులు కొట్టి పురికొస కట్టాను. అది బావి పక్క నుంచి, గేదెల పాక వెనక నుంచి వంకరగా పోయింది. నాన్న చాలాసేపు చూశాడు.

"ఏటా వరద మొదట్లో నీళ్లు ఇక్కడిదాకా వచ్చి ఆగి, ఆలోచించుకుని, అప్పుడు పైకొస్తాయమ్మాయ్. నీ తాడు సరిగ్గానే ఉంది" అన్నాడు.

నేను మేకులు కొట్టింది నా తృప్తి కోసం. హద్దు తేల్చేది అధికారులు చేసే సర్వే, నా సొంత కొలత కాదు. కానీ అడగడానికి వెళ్లే ముందు మన స్థలం ఎత్తు మనకి తెలిసి ఉండటం మంచిది. దళారులు మాకు మూడు రకాల ఎత్తులు చెప్పారు. ఒకాయనైతే స్థలం చూడకుండానే, ఫోన్లోనే, ఆరడుగులుందని చెప్పాడు.

ఆ రాత్రి అన్నయ్యకి ఫోన్ చేసి అంకె చెప్పాను. "అయితే మట్టి పోద్దాం" అని మళ్లీ మొదటికొచ్చాడు. గీత 1999లో నేల ఎలా ఉందో దాన్ని బట్టి నోటిఫై అయిందని, మనం మట్టి పోస్తే గీత జరగదని, గీత లోపలి నేల మీద మట్టి పోసినవాళ్లం మాత్రమే అవుతామని ఎంత చెప్పినా ఎక్కలేదు. అప్పుడు లెక్క వేసి పంపాను. అరవై సెంట్లంటే దగ్గర దగ్గర 2,430 చదరపు మీటర్లు. అతను కోరిన ఎత్తుకి తేవాలంటే సగటున మీటరున్నర పోయాలి. 3,640 ఘనపు మీటర్ల మట్టి. ట్రాక్టరుకి మూడు ఘనపు మీటర్లు వేసుకున్నా పన్నెండొందల ట్రిప్పులు. అన్నయ్య డబ్బు లెక్క చూసుకుని కాస్త నెమ్మదించాడు. కానీ నేను ఆ లెక్క వేసింది డబ్బు కోసం కాదు. మట్టి పోసినంత చోటులో నీళ్లుండవు. 36 లక్షల లీటర్ల నీళ్లు మా పల్లంలో నిలవాల్సినవి వేరే చోటు వెతుక్కుంటాయి. మా పక్కన పెద్దమ్మావాళ్లిల్లు. వాళ్ల గోడ మా పల్లాన్ని ఆనుకునే ఉంది.

కొల్లేరు గురించి మాట్లాడేటప్పుడు అందరూ పక్షులతో మొదలుపెడతారు. నాకు పక్షులంటే ఇష్టమే. కానీ ముందు చూడాల్సింది నీళ్ల దారి. కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య ఇది గిన్నె అడుగు. బుడమేరు ఇటు నుంచి వస్తుంది, ఏలూరు పక్క నుంచి తమ్మిలేరు వస్తుంది, రామిలేరు, గుండేరు, లెక్కలేనన్ని మురుగు కాలువలు. రావడానికి ఇన్ని దారులు. పోవడానికి ఉప్పుటేరు ఒక్కటే, అరవై కిలోమీటర్లకి పైగా మెలికలు తిరిగి సముద్రంలో కలుస్తుంది. వచ్చే నీళ్లు ఒక్కసారే వస్తాయి, పోయేవి మెల్లగా పోతాయి. ఈ రెంటి మధ్య నీళ్లు పరుచుకుని ఆగడానికి కావాల్సిన చోటే కొల్లేరు. లోతులేని ఆ నీళ్లలోనే నత్తలు, చిన్న చేపలు పెరుగుతాయి. వాటి కోసమే కొంగలు, కంకణాలు, బాతులు వస్తాయి. పల్లం పూడిస్తే పక్షికి పోయేదీ అదే చోటు, మనిషికి పోయేదీ అదే చోటు.

ఇది నేను ఇంజనీరునయ్యాక తెలుసుకున్నది కాదు. 2006లో నాకు ఇరవై రెండేళ్లు. మా లంక చుట్టూ అప్పటికి చేపల చెరువులే. 1970ల నుంచి సొసైటీల పేరుతో మొదలై, తర్వాత బయటి పెట్టుబడులు వచ్చి, ఎటు చూసినా గట్లే. మా నాన్నకీ ఒక చెరువులో వాటా ఉండేది. సుప్రీంకోర్టు ఆదేశాలతో ఆ ఏడాది ఐదో కాంటూరు లోపలి చెరువులన్నీ కొట్టేశారు. ఆపరేషన్ కొల్లేరు అన్నారు. పొక్లెయిన్లు గట్లు తవ్వుతుంటే నాన్న అరుగు మీద కూర్చుని చూశాడు. మేత కోసం తెచ్చిన అప్పు అలాగే ఉంది. అమ్మ గాజులు బ్యాంకులో ఉన్నాయి. అవి విడిపించడానికి ఆరేళ్లు పట్టింది. అన్నయ్య చదువు ఆపి భీమవరం వెళ్లింది అప్పుడే.

అందుకే అన్నయ్య మీద నాకు కోపం రాదు. ఈ గీత మూలంగా బతుకు మారిపోయినవాడు అతను. "అప్పుడు మన చెరువు పోయింది, ఇప్పుడు మన దొడ్డీ పోవాలా" అని అతను అడిగితే నా దగ్గర వెంటనే చెప్పే జవాబు లేదు. గీతను మూడో కాంటూరుకి తగ్గించమని 2008లో అసెంబ్లీ తీర్మానం చేసింది. 2011లో కేంద్రం వేసిన అజీజ్ కమిటీ ఐదో కాంటూరే ఉండాలంది. ప్రతి ఎన్నికలకీ ఆ మాట మళ్లీ లేస్తుంది. మా ఊరివాళ్లు ఆ ఆశ మీదే ఇల్లు కట్టకుండా, అమ్ముకోకుండా, పిల్లల పెళ్లిళ్లకి ఏ లెక్కా తేల్చుకోకుండా ఏళ్లు గడిపేశారు. ఆ బాధ బయటివాళ్లకి కనిపించదు. పక్షుల ఫోటోల్లో మా పెంకుటిళ్లు వెనక మసగ్గా ఉంటాయి.

కానీ గట్లు తెగిన తర్వాత మా వైపు నీళ్లు మళ్లీ పరుచుకోవడం కూడా నేనే చూశాను. నాన్న అటక మీది మావులు దించి బాగుచేసుకుని, దోనె వేసుకుని మళ్లీ వెళ్లడం మొదలుపెట్టాడు. జెల్లలు, మార్పు చేపలు, అప్పుడప్పుడు కొరమీను. అప్పు తీరేంత కాదు, ఇల్లు గడిచేంత. పల్లంలో నీళ్లు నిలిచిన ఏటల్లా తెల్లారేసరికి కొంగలు దిగేవి. అమ్మ వాటిని తోలనిచ్చేది కాదు.

అదే జూన్‌లో ఇంకో గందరగోళం. 2022 జూన్ 3న సుప్రీంకోర్టు ప్రతి రక్షిత అడవి చుట్టూ కనీసం కిలోమీటరు మేర ఎకో సెన్సిటివ్ జోన్, అంటే అడవికి రక్షణగా ఆంక్షలుండే మేర, ఉండాలని, అందులో కొత్తగా శాశ్వత కట్టడాలు రాకూడదని తీర్పిచ్చింది. మా ఊళ్లో ఒకటే టెన్షన్. బెల్ట్ గ్రామాల్లో సగం కట్టిన ఇళ్లవాళ్లు సెంట్రింగు కూడా విప్పకుండా పనులు ఆపేశారు. 2023 ఏప్రిల్ 26న అదే కోర్టు ఆ ఆదేశాన్ని సవరించి, అన్నిచోట్లా ఒకే కిలోమీటరు అన్న నియమం తీసేసింది. ఈ రెండు తేదీల మధ్య వాట్సాప్‌లో తిరిగిన మాటలు నమ్మి అయినకాడికి స్థలం అమ్ముకున్నవాళ్లున్నారు. తీర్పు కాగితం చదివినవాళ్లు మాత్రం నాకు ఎవరూ తగల్లేదు.

అన్నయ్య రెండో ప్లాను ఆ గందరగోళంలోంచే పుట్టింది. మా పక్కన నలభై సెంట్లు చవగ్గా వస్తోందని, అది కూడా కలుపుకుంటే లాభమని. రిజిస్ట్రేషన్ ఇబ్బంది అయితే నోటరీ అగ్రిమెంటు రాయించుకుందామని ఒక మధ్యవర్తి చెప్పాడట. నేను ఇద్దర్నీ కూర్చోబెట్టి చట్టంలో 20వ సెక్షన్ చదివి వినిపించాను. అభయారణ్యంగా ప్రకటించాలనే నోటిఫికేషన్ వచ్చాక, ఆ హద్దుల్లోని భూమి మీద కొత్తగా హక్కు రావాలంటే వారసత్వంగానో, వీలునామా ద్వారానో రావాలి. ఇంకో దారి ఆ సెక్షన్‌లో లేదు. నాన్న నుంచి మాకు వస్తుంది. పక్కాయన నుంచి నోటరీ మీద రాదు. ఆ మధ్యవర్తి టీ తాగి వెళ్లిపోయాడు, మళ్లీ రాలేదు. అడ్వాన్సు ఇవ్వకముందే ఇది తెలిసింది కాబట్టి మాకు నష్టం లేదు. ఇచ్చి పోగొట్టుకున్న కుటుంబాలు రెండు నాకు తెలుసు.

ఐదో కాంటూరు బయట ఉంటే అంతా స్వేచ్ఛే అనుకోవడం ఇంకో పొరపాటు. ఏలూరు వైపు స్థలం ఉన్న నా స్నేహితురాలు అలాగే అనుకుంది. కొల్లేరు 2002లో రామ్‌సర్ జాబితాలో చేరింది. అంతర్జాతీయంగా ముఖ్యమైన చిత్తడి నేలల జాబితా అది. ఆ లెక్కలో కొల్లేరు విస్తీర్ణం 901 చదరపు కిలోమీటర్లు, పదో కాంటూరు దాకా. అభయారణ్యానికి దాదాపు మూడింతలు. రామ్‌సర్ నేలలకి 2017 నాటి చిత్తడి నేలల నియమాలు వర్తిస్తాయి. అభయారణ్యం లోపలి భాగం వన్యప్రాణి చట్టం కిందికి వస్తుంది. బయటి భాగాన్ని ఈ నియమాలు చూస్తాయి. చిత్తడి నేలను పూడ్చి వేరే పనికి వాడకూడదు, చెత్త పోయకూడదు, శుద్ధి చేయని మురుగు వదలకూడదు. ఆ నియమాలు వచ్చిన నాటికి వెనకటి పదేళ్ల వరదల సగటు గరిష్ఠ మట్టం ఎక్కడుందో అక్కణ్నుంచి యాభై మీటర్ల లోపల శాశ్వత కట్టడం కట్టకూడదు. పడవ రేవుకి మాత్రం మినహాయింపు. నా స్నేహితురాలి ప్లాన్‌లో గెస్ట్ రూము ఆ యాభై మీటర్లలోకి వస్తోంది. ప్లాను తిప్పి ఇల్లు రోడ్డు వైపు జరిపాం, నీటి వైపు కొబ్బరి తోట వదిలేసింది. ఇంకా పునాది తీయలేదు కాబట్టి ఆ మార్పుకి ఒక డ్రాయింగు ఖర్చే అయింది.

మా సంగతికొస్తే, నాన్నే తేల్చాడు. 2022 దసరాకి అందరం ఇంట్లో ఉన్నప్పుడు, "పల్లం జోలికి పోకండి. నాకు గదులొద్దు. వాన కురిసినప్పుడు మంచం జరుపుకోకుండా పడుకునే ఇల్లు చాలు, ఉన్న దిబ్బ మీదే కట్టండి" అన్నాడు. అన్నయ్య అన్నం సగంలో లేచి వెళ్లిపోయాడు. వదిన వెనకే వెళ్లి తీసుకొచ్చింది.

పాత ఇంటి కొలతల్లోనే తిరిగి కట్టుకుంటామని పంచాయతీకీ, అటవీ రేంజి ఆఫీసుకీ విడివిడిగా అర్జీ పెట్టాం. పట్టాదారు పాస్ పుస్తకం, పాత ఇంటి పన్ను రసీదులు, నాలుగు వైపులా ఫోటోలు, నా లెవెల్ షీటు, ప్లాను. నోటి మాట మీద పని మొదలుపెట్టొద్దని అన్నయ్యకి గట్టిగా చెప్పాను. జవాబు రావడానికి నాలుగు నెలలు పట్టింది. మధ్యలో ఒకసారి వచ్చి కొలుచుకెళ్లారు. చివరికి పాత బేస్‌మెంటు దాటకూడదని, మట్టి తోలకూడదని, మురుగు సరస్సులోకి వదలకూడదని షరతులతో ఒప్పుకున్నారు. మా కేసులో ఇచ్చిన జవాబు ఇంకొకరికి వర్తిస్తుందని నేను చెప్పను. ప్రతివాళ్లూ తమ సర్వే నంబరుతో రాతపూర్వకంగా అడగాల్సిందే.

ఇంటి పని గురించి రాయడం నాకు అన్నిటికన్నా ఇష్టం, కాబట్టి కాస్త ఎక్కువే రాస్తాను.

కొల్లేటి నేల నల్ల బంకమట్టి. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే చెయ్యి దూరేంత పగులుతుంది. మామూలు పునాది వేస్తే మూడో ఏడు గోడ చీలుతుంది. పైగా తోలిన మట్టి అయితే రెండు మూడేళ్ల పాటు దిగుతూనే ఉంటుంది. అన్నయ్య అనుకున్న ఆరు గదులు నిజంగా లేచి ఉంటే ముందు కుంగేది ఆ గదులే. మేము అండర్ రీమ్డ్ పైల్స్ వేశాం. నేలలోకి బోరు తీసి, అడుగున గంట ఆకారంలో వెడల్పు చేసి కాంక్రీటు పోసేవి. వాటి మీద బీములు, బీముల మీద స్తంభాలు, నేలకి ఐదడుగుల పైన స్లాబు. కింద గోడ లేదు. నీళ్లు వస్తే కింద నుంచి వచ్చి కింద నుంచే పోతాయి. ప్రహరీ కూడా కట్టలేదు. అమ్మ తులసికోట చుట్టూ వెదురు తడిక చాలంది.

మరుగుదొడ్డి విషయంలో చాలా ఆలోచించాను. లంకల్లో మామూలుగా సెప్టిక్ ట్యాంకు పక్కన ఇంకుడు గుంత తవ్వేస్తారు. వర్షాకాలంలో భూగర్భ నీళ్లు ఆ గుంతలోకే వస్తాయి. అక్కణ్నుంచి అది ఎక్కడికి పోతుందో వేరే చెప్పాలా? మా బోరింగు నీళ్లలోకి, సరస్సులోకి. అందుకని అడుగు, గోడలు అన్నీ కాంక్రీటుతో బిగించిన ట్యాంకు కట్టి, దాన్ని కూడా మెరక మీదే, స్లాబు ఎత్తుకి దగ్గరగా పెట్టాం. నిండినప్పుడు కైకలూరు నుంచి ట్యాంకరు వచ్చి తోడుకెళ్తుంది. డబ్బు ఖర్చవుతుంది. స్నానం నీళ్లు, వంటింటి నీళ్లు అరటి పాదుల్లోకి.

పని మొదలుపెట్టింది 2023 మార్చి చివర్లో. అప్పటికి గూడబాతుల పిల్లలు చాలావరకు ఎగిరిపోయి ఉంటాయి. అక్టోబరు నుంచి చలికాలమంతా అవి గూళ్ల మీద ఉండే రోజులు. ఆ రోజుల్లో మిక్సరు, బోరు మిషను చప్పుడు పెట్టకూడదనుకున్నాను. జూన్ రెండో వారానికి స్లాబు అయిపోవాలి, లేకపోతే వానలు. మధ్యలో ఎనభై రోజులు. నాకు ఇన్నేళ్ల సర్వీసులో ఇంత ఒత్తిడిగా చేసిన సైటు లేదు. సిమెంటు బస్తాలు కొంత దూరం దోనెల మీద కూడా తెచ్చాం. సిమెంటు కడిగిన నీళ్లు పల్లంలోకి పోకుండా ఒక తొట్టి కట్టి అందులోనే నిలిపి, గట్టిపడ్డాక పెళ్లలు తీసి మెట్ల కింద వేశాం. మేస్త్రీ మొదట్లో విసుక్కున్నాడు. వాళ్లూరూ లంకే. నాలుగో రోజు నుంచి తనే కూలీల్ని, "ఆ బకెట్టు తొట్టిలో పోయండ్రా" అని కేకలేసేవాడు.

దీపాలు కూడా చెప్పాలి. డాబా మీద పెద్ద ఫోకస్ లైటు వేద్దామని అన్నయ్య కొడుకు అడిగాడు. వద్దన్నాను. రాత్రి చీకట్లో ఎగిరే పక్షులకి అది ఇబ్బంది. వెలుతురు కిందికి మాత్రమే పడేలా రేకు టోపీ ఉన్న లైట్లు నాలుగు పెట్టాం. సరస్సు వైపు కిటికీకి పెద్ద అద్దం పెట్టలేదు. అందులో ఆకాశం కనిపించి పిట్టలు వచ్చి కొట్టుకుంటాయి. నేను పనిచేసిన ఒక ఆఫీసు బిల్డింగు కింద పొద్దున్నే చచ్చిన పిట్టల్ని ఊడ్చడం చూశాను. అది మనసులోంచి పోలేదు. చెక్క తలుపుల కిటికీలే పెట్టాం.

2024 సెప్టెంబరు ఒకటిన బుడమేరు విజయవాడను ముంచింది. టీవీలో సింగ్‌నగర్ చూస్తూ నేను లెక్కపెట్టుకుంటున్నది వేరు. ఆ నీళ్లన్నీ మా వైపే రావాలి. వచ్చాయి. చినఎడ్లగాడి దగ్గర ఏలూరు - కైకలూరు రోడ్డు మీదికి నీళ్లెక్కాయి. లంకలకి రాకపోకలు ఆగిపోయాయి. నేను ఏలూరులో, అమ్మా నాన్నా లంకలో. ఫోన్ ఛార్జింగు అయిపోతుందని రోజుకి రెండుసార్లే మాట్లాడుకునేవాళ్లం.

మొదటి రోజు నాన్న, "నీ తాడు దాకా వచ్చాయి" అన్నాడు. రెండో రోజు, "స్తంభాల మొదట్లో ఉన్నాయి." తర్వాతి రోజు, "మూడో మెట్టు. గేదెల్ని గుడి దగ్గర మెరక మీద కట్టేశాను. పెద్దమ్మావాళ్లు మన స్లాబు మీదే పడుకుంటున్నారు."

పెద్దమ్మ వాళ్లింట్లోకి మోకాలి లోతు నీళ్లొచ్చాయి. పాత గోడ. నీళ్లు తగ్గాక తడిసిన గోడ పక్కన నిలబడి అన్నయ్య చేత్తో కొలిచాడు. నేనేమీ అనలేదు. మా అరవై సెంట్లు పూడ్చి ఉంటే ఆ గోడకి నీళ్లు ఎంత పైకి వచ్చేవో కచ్చితంగా చెప్పడం కష్టం. అంత పెద్ద వరదలో ఒక్క దొడ్డి వల్ల అంగుళం కూడా పెరగకపోవచ్చు. కానీ మట్టి పోసి ఉంటే ఆ గోడకీ మా కొత్త మెరకకీ మధ్య సన్నటి సందు మిగిలేది. నీళ్లు పరుచుకోవడం మాని ఆ సందులోంచి తోసుకుంటూ పోయేవి. మట్టిగోడ ఆ తోపుకి ఆగదు. ఇది మాత్రం సైట్ల మీద చాలాసార్లు చూసిందే.

ఆ చలికాలంలో పల్లంలో నీళ్లు మామూలు కన్నా ఎక్కువ రోజులున్నాయి. డిసెంబరులో నేను వెళ్లినప్పుడు తెల్లారుజామున నాన్న లేపాడు. మెట్ల మీద కూర్చున్నాం. పల్లంలో ఎర్రకాళ్ల కొంగలు పదీ పదిహేను, ముక్కులు నీళ్లలో పెట్టి అటూ ఇటూ కదుపుతూ నడుస్తున్నాయి. కొంచెం లోతున్న చోట గూడబాతులు మూడు. ఒకటి తల ముంచి లేచినప్పుడు సంచి నిండా నీళ్లు కారుతున్నాయి. అమ్మ టీ తెచ్చింది. ఎవరం పెద్దగా మాట్లాడుకోలేదు.

అన్నయ్య ఇప్పుడు పైన ఇంకో రెండు గదులు వేద్దామంటున్నాడు. ఊరికే చుట్టాలకి, వస్తే పక్షులు చూసేవాళ్లకి. మా అనుమతి పాత కొలతలకి, ఒక్క అంతస్తుకి. కాబట్టి మళ్లీ అర్జీ పెట్టాలి. ట్యాంకరు ఎన్ని రోజులకొకసారి రావాలో లెక్క వెయ్యాలి. వేసి పంపిస్తానన్నాను.

పోయిన వారం మళ్లీ ఫోన్ చేశాడు. అతని దగ్గర మేత కొనే ఒకాయన ఉప్పుటేరు దగ్గర స్థలం చూశాడట, బేరం దగ్గర పడిందట.

"అమ్మేవాడు ఏడడుగులుందంటున్నాడు. ఆదివారం నీ లెవెల్ తెస్తావా? స్టాఫ్ నేను పట్టుకుంటాను" అన్నాడు.